రిబదేయో దగ్గర కతెద్రాయిస్ బీచ్: ఏ రోజు, ఏ గంటకు దిగాలి?

ప్రశ్న:
ఆగస్టులో స్పెయిన్ ఉత్తర తీరంలో గలీసియా వైపు వెళ్తున్నాం. రిబదేయోలో రెండు రాత్రులు ఉంటాం. కతెద్రాయిస్ బీచ్‌లో ఆ రాతి తోరణాల కింద నడవాలంటే ఏ సమయానికి వెళ్లాలి? ముందే బుకింగ్ కావాలా? మాతో అరవై దాటిన అమ్మ కూడా వస్తున్నారు.

జవాబు 1:
బుకింగ్ తప్పనిసరండి. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా, ఈస్టర్ వారంలోనూ రోజుకు ఇంతమందినే దిగనిస్తారు. గలీసియా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా తీసుకోవచ్చు. అయితే ముందు ఆటుపోట్ల పట్టిక చూసి, ఆ తర్వాతే తేదీ ఎంచుకోండి. చాలామంది పాస్ తీసుకుని పోటు సమయంలో చేరుకుంటారు. అప్పుడు ఇసుకే ఉండదు, తోరణాల మొదలు దాకా నీళ్లే.

ఆటు పూర్తయ్యే (నీరు అన్నిటికంటే వెనక్కి తగ్గే) సమయానికి ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు. మీకు దొరికేది అంతే.

జవాబు 2:
పై మాటకు కొనసాగింపు. అన్ని ఆటులూ ఒకటి కావు. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. పట్టికలో ఆటు ఎత్తు 0.5 మీటర్ల దగ్గర కనిపిస్తే నిశ్చింతగా వెళ్లండి. అష్టమి రోజుల్లో అది 1.5 మీటర్ల చుట్టూ ఆగిపోతుంది, చివరి తోరణాల దగ్గర నీళ్లు నిలిచే ఉంటాయి. స్పెయిన్ పట్టికల్లో 'కోయెఫిసియెంతే' అనే అంకె కూడా ఉంటుంది. 20 నుంచి 120 దాకా సాగే ఆ అంకె ఎంత పెద్దదైతే నీరు అంతగా తగ్గుతుంది.

ఆ తీరంలో పెద్ద ఆటు వేసవిలో దాదాపు మధ్యాహ్నానికే పడుతుంది. మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి, కొన్ని పట్టికలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి. వేసవిలో స్పెయిన్ దానికి రెండు గంటలు ముందుంటుంది కాబట్టి 9:40 అని రాసి ఉంటే గడియారంలో 11:40 అన్నమాట. ఇది చూసుకోకపోతే లెక్కంతా తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడిందండీ. అమ్మ దిగగలరా? ప్రమాదం ఏమైనా ఉందా?

జవాబు 3:
కిందికి మెట్లున్నాయి, కాస్త నిదానంగా దిగాలి. మోకాళ్ల నొప్పులుంటే కొండ అంచున చెక్క నడవ మీది నుంచే తోరణాలు బాగా కనిపిస్తాయి.

దిగాక ముందు దూరంగా ఉన్న తోరణాల వైపు నడవండి, ఆటు పూర్తయ్యే క్షణానికే వెనక్కి తిరగండి. తిరిగి ఎక్కే పోటు ఒకే వేగంతో రాదు. మొదటి గంట నెమ్మదిగా ఉండి, మూడో, నాలుగో గంటల్లో ఒక్కసారిగా పెరుగుతుంది. ఆటుకూ పోటుకూ నీటి ఎత్తులో తేడా 4 మీటర్లుంటే ఆ ఒక్కో గంటలోనే మీటరు లేస్తుంది. రాళ్ల మధ్య సందులు ముందు మూసుకుపోయి, లోపలున్నవాళ్లు చిక్కుకుపోతారు.

తోరణాల కింద ఆగి ఫోటోలు దిగొద్దు. పలక రాయి పొరలు పొరలుగా చీలుతుంది, పైనుంచి ముక్కలు రాలతాయి. 2018లో ఇలాగే ఒక యువతి చనిపోయింది. దాటి వెళ్లి, దూరం నుంచి తీసుకోండి. నాచు పట్టిన రాయి మీద జారుతుంది కాబట్టి తడిసినా ఫర్వాలేని, పట్టున్న చెప్పులు కావాలి. గుంటల్లో నీళ్లు మోకాలి దాకా రావచ్చు.

బీచ్ ఊరికి 10 కిలోమీటర్ల దూరం. పార్కింగ్ త్వరగా నిండుతుంది, ఆటుకు రెండు గంటల ముందే చేరండి.