సమస్యాపూరణం: నాల్గవదియె మూడు నమ్మరయ్య

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పూరణ పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలోని అర్రే (విలువలను అరల్లో దాచే జాబితా) మీదే ఉండాలి. అంకెల కీలున్న (ప్రతి అరకూ గుర్తుగా ఒక అంకె ఉన్న) అర్రేలో లెక్క సున్నాతో మొదలవుతుంది, సమస్యలోని చిక్కంతా అదే.

హనుమకొండ సభ్యుడు:
ఓరుగల్లు కోట నొప్పారు తోరణాల్
సున్న నుండి వరుస జూచి పేర్చ
అరలు నాల్గు గాని యాఖరు కీ మూడు
నాల్గవదియె మూడు నమ్మరయ్య

నిర్వాహకుడు: భేష్ తమ్మీ. కోటలో కాకతీయ తోరణాలు నాలుగే కాబట్టి కీలు 0, 1, 2, 3. మన ఊరి గుర్తుతోనే లెక్క తేలడం నాకు చాలా నచ్చింది.

నర్సంపేట సభ్యురాలు: "కౌంటు నాల్గు గాని చివరిది మూడౌను" దగ్గర ఆగిపోయానన్నా.

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి చెల్లె, కౌ–చి యతి చెల్లదు. "కడపటిదే మూడు" అంటే కుదురుతుంది. భావం గట్టిది: కౌంట్‌నే (ఎన్ని ఉన్నాయో చెప్పే సంఖ్యను) కీగా ఇస్తే అక్కడ ఏమీ ఉండదు, ఒకటి తగ్గించి అడగాలి.

కాజీపేట సభ్యుడు: ఎనుమాముల మార్కెట్ తలచుకొని, అన్‌సెట్ (అర్రేలోంచి ఒకదాన్ని తీసేసే ఆదేశం) మీద రాశాను.
మిర్చి బస్త లందు మేలైన యొకదాని
తీసి యమ్మినంత దిగెను వరుస
ముందు జరిగె వెనుక మూటలన్నియు నిట్లు
నాల్గవదియె మూడు నమ్మరయ్య

నిర్వాహకుడు: ధార బాగుంది, యతులు సరే. మూడో పాదంలో మాత్రం విషయమే తప్పింది. అన్‌సెట్ చేస్తే బస్తాలు జరగవు. నాలుగింటిలో రెండోది తీస్తే కీలు 0, 2, 3గా మిగులుతాయి. కౌంట్ 3 అంటుంది. దాన్ని నమ్మి 0 నుంచి 2 దాకా ఫర్ లూప్ (ఒక్కో అంకెనే కీగా అడుగుతూ పోయేది) తిప్పితే 1 దగ్గర వార్నింగ్ వస్తుంది, 3లో ఉన్న బస్తాను అసలు తాకదు.

కాజీపేట సభ్యుడు: ఫర్‌ఈచ్‌తో తిప్పితే నాకు తేడా కనిపించలేదే?

నిర్వాహకుడు: అది ఉన్నవాటినే వరుసగా చూపిస్తుంది, అంకెలతో దానికి పని లేదు. అందుకే తప్పు దాక్కుంటుంది. అదే అర్రేను జేసన్ (ప్రోగ్రాములు డేటా పంపుకునే రూపం) చేసి పంపితే జాబితాగా కాక ఆబ్జెక్టుగా, అంటే కీ–విలువ జతలుగా వెళ్తుంది. నేనొక రాత్రంతా టెన్షన్ పడింది అక్కడే. మూటలు ముందుకు జరగాలంటే, కీలను మళ్లీ సున్నా నుంచి వేసే అర్రే_వాల్యూస్ పిలవాలి. నీ పద్యానికి ఆ అవసరం కూడా లేదు. ఏదీ జరగలేదని రాసి చూడు, సమస్య ఇంకా బాగా అతుకుతుంది.

కాజీపేట సభ్యుడు: రెండో పాదం చివర కూడా మార్చాను.
మిర్చి బస్త లందు మేలైన యొకదాని
తీసి యమ్మినంత దిగెను కౌంటు
ఖాళి మిగిలె గాని కదలలే దేదియు
నాల్గవదియె మూడు నమ్మరయ్య