మా పవర్‌బ్యాంక్ కాలిన వీడియో వైరల్ అయింది, రిపోర్టర్ సాయంత్రం 5 లోపు చెప్పమన్నారు, ఏం చేయాలి?

రవి_సెల్స్ (ప్రశ్న, సోమవారం తెల్లవారుజామున)

అందరికీ నమస్కారం. చాలా అర్జెంట్. మాది పవర్‌బ్యాంకులు, చార్జర్లు తయారుచేసే చిన్న కంపెనీ, నాతో కలిపి 22 మందిమి. శనివారం రాత్రి ఒక కస్టమర్ ఇంట్లో మా పవర్‌బ్యాంక్ చార్జింగ్‌లో ఉండగానే ఉబ్బి మంట లేచింది. ఆర్పబోయి ఆయన చెయ్యి కాలింది, దుప్పటి అంటుకుంది. వాళ్లింట్లోవాళ్లు తీసిన వీడియో నిన్న పొద్దున్నుంచి తిరుగుతోంది, అందులో మా పేరు, మోడల్ నంబర్ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నిన్న సాయంత్రం ఒక పత్రిక రిపోర్టర్ ఫోన్ చేసి మీ వెర్షన్ చెప్పండి అన్నారు. ఫోన్ ఎత్తింది మా సేల్స్ మేనేజర్. టెన్షన్‌లో "మా ప్రొడక్ట్‌లో ఏ లోపమూ లేదు, ఆయన వేరే చార్జర్ ఏదో వాడి ఉంటారు" అనేశాడు. అది ఇంకా అచ్చవలేదు. నిజానికి లోపం ఉందో లేదో మాకే తెలియదు. ఆ బ్యాచ్‌వి 3,400 పీసులు బయటికి వెళ్లాయి, వాటిలోని బ్యాటరీ సెల్స్ కొత్త సప్లయర్ దగ్గర తీసుకున్నవి. పోయిన నెల అదే బ్యాచ్ మీద బాగా వేడెక్కుతోందని రెండు ఫిర్యాదులు వస్తే వేరేవి మార్చి ఇచ్చి ఊరుకున్నాం. ఆ సంగతి గుర్తొచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

మా పార్ట్‌నర్ రెండు రోజులు మాట్లాడకుండా ఉంటే అదే చల్లారిపోతుంది అంటాడు. లాయర్ గారు నోరు విప్పొద్దన్నారు. ఇంకో ఫ్రెండ్ వెంటనే ప్రెస్ మీట్ పెట్టమంటున్నాడు. రిపోర్టర్ ఈ రోజు సాయంత్రం 5 వరకు టైమ్ ఇచ్చారు. ఇలాంటిది దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_డెస్క్

రవి గారూ, నేను 17 ఏళ్లు పత్రిక డెస్క్‌లో పనిచేశాను, ఇలాంటి వార్తలు చాలా దిద్దాను. అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే ఆ రిపోర్టర్‌కి మీరే ఫోన్ చేసి "నిన్న మా మేనేజర్ చెప్పిన మాట విచారణ చేయకుండా అన్నది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాం, కంపెనీ తరఫున మాట్లాడేది నేను, 3 గంటలకల్లా రాతపూర్వకంగా పంపిస్తాను" అని చెప్పండి. అదే మాట మెసేజ్‌గా కూడా పెట్టండి. గాయపడిన మనిషిదే తప్పు అన్నట్టుండే ఆ ఒక్క వాక్యం మీకు మంట కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. నేను డెస్క్‌లో ఉంటే హెడ్డింగ్ అదే పెట్టేవాణ్ణి.

మీ పార్ట్‌నర్ అంటున్న మౌనం సంగతి. మీరు మాట్లాడకపోయినా వార్త ఆగదు, చివర్లో "కంపెనీని వివరణ కోరగా స్పందించలేదు" అని ఒక లైను చేరుతుంది, చదివినవాళ్లు దాన్ని తప్పు ఒప్పుకోవడంగానే తీసుకుంటారు. రిపోర్టర్ మీ శత్రువు కాదు, మీ ప్రచారకర్త కూడా కాదు, ఆయనకి డెడ్‌లైన్ ఉంది, పైన ఎడిటర్ ఉన్నారు, రెండు వైపులా రాశావా అని ఆయన్ని అడుగుతారు. మీరు ఇచ్చేది చిన్నగా, సూటిగా ఉంటే కత్తిరించకుండా వెళ్లిపోతుంది. రెండు పేజీలు పంపితే అందులో ఏ ముక్క వాడాలో డెస్క్ నిర్ణయిస్తుంది, ఆ ఎంపిక మీ చేతిలో ఉండదు.

అసలు కష్టమైనది ఆ రెండు పాత ఫిర్యాదుల విషయం. వాటిని మీరే చెప్పండి. ఆ ఇద్దరూ వీడియో చూసే ఉంటారు, ఇవాళో రేపో కింద కామెంట్ పెడతారు. అప్పుడు వార్త పవర్‌బ్యాంక్ కాలడం గురించి ఉండదు, "ముందే తెలిసీ దాచారు" అని మారుతుంది. మొదటి రోజే మీ నోటితో వస్తే అది వార్తలో ఒక పేరా, మూడో రోజు వేరేవాళ్ల నోటితో వస్తే అదే కొత్త వార్త.

కారణం మాత్రం ఊహించి చెప్పొద్దు. సప్లయర్‌దే తప్పు అనాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలుతున్నప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? సెప్టెంబర్‌లో దాదాపు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచి, లోపం ఒక సప్లయర్ బ్యాటరీలో ఉందనుకుని వేరే బ్యాటరీతో కొత్త ఫోన్లు ఇచ్చారు. మార్చి ఇచ్చినవీ కాలాయి, అక్టోబర్‌లో ఆ మోడల్ తయారీనే ఆపేయాల్సి వచ్చింది. 2017 జనవరిలో పూర్తి విచారణ ఫలితం చెప్పినప్పుడు, ఇద్దరు సప్లయర్ల బ్యాటరీల్లోనూ వేర్వేరు లోపాలు ఉన్నాయని తేలింది. అంత పెద్ద కంపెనీయే కారణం విషయంలో తొందరపడి రెండోసారి దెబ్బతింది. "ఇంకా తెలియదు, పరీక్షకి పంపిస్తున్నాం" అన్న మాట సిగ్గుపడాల్సినది కాదు, మీ దగ్గరున్న వాటిలో గట్టి మాట అదే.

ఇంకొకటి, కంటి మీద కునుకు లేదన్నారు కదా, అది మాకు చెప్పండి, రిపోర్టర్‌కి చెప్పొద్దు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ అనే చమురు కంపెనీ బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయాక, ఆ కంపెనీ సీఈఓ టోనీ హేవార్డ్ తన పాత జీవితం తనకి తిరిగి కావాలని కెమెరా ముందు అన్నారు. తర్వాత క్షమాపణ చెప్పుకున్నా ఆయన పేరు చెబితే ఇప్పటికీ జనానికి ఆ మాటే గుర్తొస్తుంది. చెయ్యి కాలిన మనిషి ఉన్నంతసేపు మన కష్టం గురించి మాట్లాడకూడదు.

ప్రెస్ మీట్ వద్దు. ఒక పత్రిక అడిగింది, దానికి జవాబివ్వండి, అదే ప్రకటన మీ సైట్‌లో తేదీ, టైమ్ వేసి పెట్టండి.

లీగల్_మాధవి

రవి గారూ, మీ లాయర్ మరీ తప్పు చెప్పలేదు, సగం చెప్పారు. మీకు ప్రొడక్ట్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన వస్తువు వల్ల ఎవరికైనా నష్టం జరిగితే ఆదుకునే బీమా) ఉంటే ముందు పాలసీ తీసి చదవండి. చాలా పాలసీల్లో ఘటన తెలిసిన వెంటనే వాళ్లకి తెలియజేయాలని, వాళ్ల అంగీకారం లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని షరతు ఉంటుంది. కాబట్టి రిపోర్టర్‌కి ప్రకటన పంపేముందే ఇన్సూరెన్స్ వాళ్లకి ఒక మెయిల్ కొట్టండి.

ప్రకటన ఇలా ఉంటే మీ లాయర్ కూడా కాదనరని నా నమ్మకం:

"శనివారం రాత్రి మా ఫలానా మోడల్ పవర్‌బ్యాంక్ ఒకటి కాలి ఒక వినియోగదారుడి చేతికి గాయమైంది. ఇది జరిగినందుకు ఎంతో బాధపడుతున్నాం. కారణం ఇంకా తెలియదు, బయటి ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తున్నాం. ఇదే బ్యాచ్‌పై వేడెక్కుతోందని పోయిన నెల రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఈ బ్యాచ్ నంబర్ ఉన్నవారు వాడకం వెంటనే ఆపండి, చార్జింగ్ పెట్టకండి. అమ్మకం ఆపేశాం, డబ్బు తిరిగి ఇస్తాం. బుధవారం సాయంత్రం 6 గంటలకి మళ్లీ సమాచారం ఇస్తాం."

ఇందులో జరిగింది ఉంది, బాధ ఉంది, జనం చేయాల్సిన పని ఉంది. లోపం మాదే అని గానీ కాదని గానీ లేదు. అయినా పంపేముందు లాయర్ గారికి చూపించండి, "మాట్లాడాలా వద్దా" అని అడగకుండా "ఈ వాక్యాల్లో ఏది మార్చాలి" అని అడగండి, జవాబు వేరేగా వస్తుంది. పాత ఫిర్యాదుల మెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటి కూడా డిలీట్ చేయొద్దు, చేయనివ్వొద్దు. వీడియో తీసేస్తే డబ్బిస్తామని ఆ కుటుంబంతో ఎవరూ అనకూడదు.

శాంతి_క్యూసీ

నేను పిల్లల బొమ్మలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ చూసేదాన్ని. ఒక బొమ్మ కన్ను ఊడి చిన్నపాప నోట్లోకి వెళ్లింది. దేవుడి దయ, పాపకి ఏమీ కాలేదు. మేం ఆ రోజు చేసిన తప్పులు మీరు చేయకూడదనే రాస్తున్నాను. ముందు మా పేజీలో తిట్లు డిలీట్ చేశాం, వాటి స్క్రీన్‌షాట్లు అసలు విషయం కంటే ఎక్కువ తిరిగాయి. ఇటు క్షమాపణ పెట్టిన గంటకే ముందెప్పుడో షెడ్యూల్ చేసిన ఆఫర్ ప్రకటన అదే పేజీలో పడింది, ఆ తల్లి దాని కింద రాసిన కామెంట్ నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ షెడ్యూల్డ్ పోస్టులు, యాడ్స్ అన్నీ ఇప్పుడే ఆపేయండి. మా డీలర్లకి, లైన్ మీద పనిచేసేవాళ్లకి వార్త పత్రికలో చూశాక తెలిసింది. వాళ్లు ఎంత బాధపడ్డారో చెప్పలేను, ఒక డీలర్ ఆ రోజు కూడా అవే బొమ్మలు అమ్మాడు, ఆపమని మేం చెప్పలేదు మరి.

స్టాఫ్‌కి రాసేది కూడా బయటికొస్తుందనుకునే రాయండి. 2017లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ణి ఈడ్చుకెళ్లిన వీడియో వచ్చినప్పుడు, సీఈఓ ఉద్యోగులకి రాసిన లేఖలో ఆ ప్రయాణికుడిదే గొడవ అన్నట్టు రాశారు, అది వెంటనే బయటపడింది, మర్నాడు పూర్తిగా వేరే స్వరంతో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

ఇక బ్యాటరీ సంగతి. కాలిన పీసుని మీ వాళ్లు విప్పొద్దు, ల్యాబ్‌లోనే విప్పాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో సంతకాలతో రాసి పెట్టండి. కస్టమర్లని "కొరియర్‌లో వెనక్కి పంపండి" అనొద్దు. అనుమానం ఉన్న లిథియం బ్యాటరీలని మామూలు పార్సిల్‌లో పంపకూడదు, నోట్ 7 అప్పుడు శాంసంగ్ మంటని తట్టుకునే ప్రత్యేకమైన పెట్టెలు పంపింది. చెత్తబుట్టలో వేయమని కూడా అనకండి. తీసుకెళ్లే ఏర్పాటు మీరే చూడాలి.

అన్నిటికంటే ముందు ఆ ఇంటికి వెళ్లండి అన్నా, మీరే వెళ్లండి. ఫొటోగ్రాఫర్ లేకుండా వెళ్లండి.

కిరణ్_2

అందరూ ఒకే పాట పాడుతున్నారు. తప్పు మనది కాకపోతే? 1993లో అమెరికాలో పెప్సీ డబ్బాల్లో సిరంజీలు దొరుకుతున్నాయని గోల అయితే పెప్సీ ఒక్క డబ్బా కూడా వెనక్కి పిలవలేదు, గట్టిగా కాదంది, గెలిచింది. ఇక్కడ ఇంకా పరీక్షే కాలేదు, ఇప్పుడే 3,400 పీసులు ఆపితే చిన్న కంపెనీ మునిగిపోతుంది.

పాత_డెస్క్

కిరణ్ గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ పెప్సీ దగ్గర చూపించడానికి ఉంది. డబ్బాలు ఎంత వేగంగా తిరగబడి, నిండి, మూతపడతాయో ఫ్యాక్టరీ వీడియో తీసి టీవీ చానళ్లకి ఇచ్చారు, ఆ తర్వాత ఒక షాపు కెమెరాలో ఒకామె డబ్బాలో సిరంజి వేస్తున్న దృశ్యం దొరికింది. రవి గారి చేతిలో ఉన్నవేమిటి? కొత్త సప్లయర్, రెండు ఫిర్యాదులు. వీటిని పెట్టుకుని గట్టిగా కాదనడం ఎలా కుదురుతుంది?

టైలెనాల్ అనే నొప్పి మాత్రల సంగతి చూడండి. 1982లో షికాగో ప్రాంతంలో ఆ మాత్రలు వేసుకుని ఏడుగురు చనిపోయారు, ఎవరో బయటివాళ్లు వాటిలో సయనైడ్ కలిపారు, ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. తయారీలో తప్పు లేకపోయినా జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతా వాడొద్దని చెప్పి దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తీసుకుంది. వాడకం ఆపమని చెప్పడానికి తప్పు ఎవరిదో తేలాల్సిన పనిలేదు. డబ్బు భారం నిజమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఈ రాత్రి ఇంకో ఇంట్లో ఇంకోటి కాలితే?

రవి_సెల్స్ (మంగళవారం రాత్రి)

అందరికీ చాలా థ్యాంక్స్. రిపోర్టర్‌కి నిన్న పొద్దున్నే ఫోన్ చేసి మేనేజర్ మాట వెనక్కి తీసుకున్నాను. అన్నది కాబట్టి రాస్తాను, మీరు వెనక్కి తీసుకున్నారనీ రాస్తాను అన్నారు. అలాగే రాశారు, రెండు ఫిర్యాదుల సంగతీ వచ్చింది. హెడ్డింగ్ చూసి గుండె జారింది గానీ, వాడకం ఆపమన్న మాట బ్యాచ్ నంబర్‌తో సహా మొదటి పేరాలోనే ఉంది. లాయర్ గారు ప్రకటనలో ఒకే ఒక్క పదం మార్చారు.

ఆ ఇంటికి వెళ్లాను. మొదట పది నిమిషాలు తలుపు దగ్గరే నిలబెట్టి అడిగారు, అడగాల్సినవే అడిగారు. తర్వాత లోపలికి రమ్మన్నారు. పక్క గదిలో వాళ్ల బాబు పడుకుంటాడట, ఆ గోడకి ఇవతలే ప్లగ్. ఇంక ఆ బ్యాచ్ గురించి నాకు రెండో ఆలోచన లేదు, మొత్తం వెనక్కి తెప్పిస్తున్నాం. ఇప్పటికి 610 మంది ఫోన్ చేశారు. సెల్స్ ల్యాబ్‌కి వెళ్లాయి.

ఇప్పుడు కొత్త సమస్య. ఒక టీవీ చానల్ రేపు రాత్రి లైవ్ చర్చకి రమ్మంటోంది. వెళ్లకపోతే పారిపోయినట్టు ఉంటుందా?

పాత_డెస్క్

లైవ్ చర్చకి వెళ్లొద్దు. అక్కడ నలుగురు అరుస్తుంటే మీరు బ్యాచ్ నంబర్ కూడా పూర్తిగా చెప్పలేరు. ప్రొడ్యూసర్‌కి ఫోన్ చేసి, చర్చకి రాలేను గానీ మా టెస్టింగ్ రూమ్‌కి కెమెరా పంపితే బైట్ (కెమెరా ముందు చిన్న మాట) ఇస్తాను అనండి. 20 సెకన్లలో అయిపోయేలా ముందే అనుకోండి, మొదటి వాక్యమే "ఈ నంబర్ ఉన్నవాళ్లు చార్జింగ్ పెట్టకండి" అని ఉండాలి. "మీరు అమ్మేవి బాంబులా?" అని అడుగుతారు. "మావి బాంబులు కావు" అన్నారంటే స్క్రోలింగ్‌లో అదే తిరుగుతుంది. వాళ్ల మాట మీ నోట రాకుండా మీ మాట మీరు చెప్పండి. మైక్ తీసేశాక కూడా, వాళ్ల బండి గేటు దాటేదాకా ఏదీ ఆఫ్ ది రికార్డ్ అనుకోవద్దు. రేపు 6 గంటలకి ఇస్తామన్న సమాచారం, ల్యాబ్ రిపోర్టు రాకపోయినా సరే, 6 గంటలకే ఇవ్వండి. రిపోర్టు రాలేదు, ఇప్పటికి ఇన్ని పీసులు వెనక్కి వచ్చాయి అని రాయండి చాలు.

రవి_సెల్స్

సరే సార్. ప్రొడ్యూసర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.