మొరాచే 500 గోల్స్‌ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి?

గోల్‌కిక్:
ఫుట్‌బాలర్ కరోలినా మొరాచే ఇటలీ మహిళల టాప్ లీగ్ సెరీ ఆలో 500కి పైగా గోల్స్ కొట్టింది, 12 లీగ్ టైటిళ్లు గెలిచింది, 1988 నుంచి 1998 దాకా వరసగా 11 సీజన్లు టాప్ స్కోరర్ ఆవిడే. బాగానే ఉంది. కానీ అక్కడ ఆడవాళ్ల లీగ్‌కి ప్రొఫెషనల్ హోదా వచ్చిందే 2022లో. ఉద్యోగాలు, చదువులు చూసుకుంటూ ఆడే డిఫెండర్ల మీద కొట్టిన గోల్స్ చూపించి ఆల్‌టైమ్ గ్రేట్ అనేస్తే ఎలా?

వెంబ్లీ90:
అదేం లాజిక్ బ్రో, డిఫెండర్లు అమెచ్యూర్లయితే ఆవిడకేమైనా జీతం బస్తాల్లో వచ్చిందా? ఆవిడా లా చదువుకుంటూనే ఆడింది. సరే, లీగ్ పక్కన పెట్టు. 1990 ఆగస్టులో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో, లివర్‌పూల్, మాంచెస్టర్ యునైటెడ్ మగవాళ్ల టీమ్‌ల ఛారిటీ షీల్డ్ మ్యాచ్‌కి ముందు, ఇటలీ 4-1తో ఇంగ్లండ్‌ని ఓడించింది. ఆ నాలుగూ మొరాచేవే. మరుసటి ఏడు చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచకప్‌లో తొలి హ్యాట్రిక్ కూడా ఆవిడదే.

గోల్‌కిక్:
వెంబ్లీది ఫ్రెండ్లీ, అంటే ఏ టోర్నీలోదీ కాని మ్యాచ్, హ్యాట్రిక్ చైనీస్ తైపే మీద. అదే ప్రపంచకప్ క్వార్టర్స్‌లో నార్వే చేతిలో ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ఓడారు, ఇటలీ కొట్టిన ఆ రెండు గోల్స్‌లో ఒక్కటీ ఆవిడది కాదు. 1993 యూరో (యూరప్ దేశాల కప్) ఫైనల్ సొంత గడ్డ మీద, చెసేనాలో, మళ్లీ నార్వే చేతిలోనే 1-0. దేశం తరఫున గోల్స్ లెక్క తీసినా ఆవిడవి 105, ఇటలీకే ఆడిన ఎలిజబెట్టా విన్యొత్తోవి 107, అదీ చాలా తక్కువ మ్యాచ్‌లలో.

సెకండ్‌హాఫ్:
విన్యొత్తో పేరెత్తారు కాబట్టి చెప్తున్నానండి, 1978లో మొరాచే 14 ఏళ్లకే యుగోస్లావియా మీద తొలి మ్యాచ్ ఆడింది విన్యొత్తో బదులు సబ్‌స్టిట్యూట్‌గా దిగే. అక్కడి నుంచి 1997 దాకా అదే జెర్సీ. ఆ ఏడు యూరోలో, 33 ఏళ్ల వయసులో, 4 గోల్స్‌తో ఉమ్మడి టాప్ స్కోరర్. అవి అమెచ్యూర్ లీగ్ గోల్స్ కావు కదా.

గోల్‌కిక్:
1997 మాట ఒప్పుకుంటా, కానీ ఆ ఫైనల్లో కూడా జర్మనీ చేతిలో 2-0 అండీ, గోల్ లేదు.

వెంబ్లీ90:
ఫైనల్ దాకా మోసుకొచ్చిందెవరో కూడా రాయి మరి.