గిటార్ నెక్ గాడి లోతు ఎక్కువైంది, సరిచేసే పద్ధతి చెప్పగలరు

నమస్కారం. స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్ బాడీని టేకు చెక్కతో మా వడ్రంగి చేత చేయించుకొని, దానికి బిగించడానికి మేపుల్ నెక్‌ను (తీగల కింద ఉండే పొడవాటి మెడ భాగాన్ని) విడిగా కొన్నాను. నెక్ అడుగు భాగం వెడల్పు 56 మిల్లీమీటర్లు కాగా బాడీలో తొలిచిన గాడి 57 వచ్చింది. 16 ఉండవలసిన లోతు 17.5 అయింది. తప్పు ఆయనది కాదు, కాగితం మీద కొలత వేసింది నేనే.

నెక్‌ను గాడిలో కూర్చోబెడితే ఒక పక్క సందులో మూడు విజిటింగ్ కార్డులు కలిపి దూరుతున్నాయి. క్లాంపుతో పట్టించి, తీగలకు బదులు నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) వరకు రెండు దారాలు లాగి చూశాను. నెక్ ఏమాత్రం పక్కకు కదిలినా సన్న తీగ వైపు దారం ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద వేళ్లతో నొక్కే పలక) అంచు మీదికి జారుతోంది. పైగా బ్రిడ్జి మీద తీగలను మోసే శాడిళ్లను పూర్తిగా దించినా, 12వ ఫ్రెట్ (ఫ్రెట్‌బోర్డు మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర దారం ఎత్తు 3 మిల్లీమీటర్లకు తగ్గడం లేదు.

గాడి అడుగున 1.5 మిల్లీమీటర్ల టేకు పలకను పూర్తిగా పరచి జిగురుతో అతికించడం మేలా, లేక ఒక చివర మాత్రమే సన్నని షిమ్ (ఎత్తు పెంచే పలుచని ముక్క) పెడితే సరిపోతుందా? షిమ్ పెడితే మధ్యలో ఖాళీ మిగిలి, కాలక్రమంలో నెక్ వంగుతుందేమోనని నా అనుమానం. పక్క సందును వెనీరుతో (పలుచని చెక్క పొరతో) పూడ్చవచ్చా?

నెక్‌కు ఇంకా రంధ్రాలు వేయలేదు. బాడీలో స్క్రూ వదులుగా దిగాలని తెలుసు; 4.2 మిల్లీమీటర్ల స్క్రూలకు మేపుల్‌లో 3.2 డ్రిల్ బిట్ వాడితే చెక్క పగలకుండా ఉంటుందా? స్వయంగా బిగించిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.