‘ఖగపతి యమృతము తేగా’ ఏ పురాణంలోది?

ప్రశ్న (తిరుపతి నుంచి): మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. చుట్ట మానేయమని ఎవరైనా అంటే చాలు, ఈ పద్యం చదివి, బృహన్నారదీయంలో ఉంది వెళ్ళి చూసుకోమంటారు. నిజంగా ఉందా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు: పురాణంలో వెతక్కండి, దొరకదు. ఇది కన్యాశుల్కం మొదటి అంకంలో, గిరీశం వెంకటేశంల సంభాషణలో వచ్చే కందం. మీ దగ్గర చుట్ట కాల్చడం తప్ప నేర్చుకున్నదేమీ లేదని శిష్యుడు నిష్ఠూరమాడతాడు. అప్పుడు చుట్ట గొప్పతనానికి శాస్త్రప్రమాణంగా ఈ పద్యం బయటికి వస్తుంది. బృహన్నారదీయం పేరూ అక్కడిదే. ఆ పేరుతో పురాణం ఉన్న మాట నిజమే. పొగాకును పొగిడే బృహన్నారదీయం మాత్రం ఆ నాటకం లోపల తప్ప ఇంకెక్కడా లేదు.

ఖగపతి యమృతము తేగా
భుగభుగమని పొంగి చుక్క భూమిని వ్రాలెన్
పొగచెట్టై జన్మించెను
పొగత్రాగనివాడు దున్నపోతై బుట్టున్

ఒక్కసారి గణాలు కట్టి చూడండి. ప్రాస నాలుగు పాదాల్లోనూ ‘గ’కారమే. యతి రెండో పాదంలో భు–భూ, నాలుగో పాదంలో పొ–పో. రెండో పాదం నడుమ జగణం ఉండవలసిన చోటే ఉంది, నాలుగో పాదంలోనూ అంతే. వేళాకోళానికి చెప్పే పద్యం కదా అని ఎక్కడా చేయి జారలేదు. ‘భుగభుగమని’ అనేసరికి అమృతం కాగుతున్న చప్పుడు చెవిన పడుతుంది. ఇంత కట్టుదిట్టంగా ఉండబట్టే నాటకం చూడనివాళ్ళ నోళ్ళలో కూడా పాత చాటువులా నిలిచిపోయింది. కవి తన పాత్ర పేరు మీదో, లేని గ్రంథం పేరు మీదో ఒక రచన పుట్టిస్తే, అది తన సొంత కాళ్ళ మీద నిలబడాలని నేను గట్టిగా నమ్ముతాను. ‘ఆయన గొప్ప కవి’ అని చెప్పి, ఒక్క పద్యమూ చూపించని కథలు నాకు రుచించవు.

ఇంకో సంగతి. గరుత్మంతుడు అమృతం తెచ్చిన కథ భారతం ఆదిపర్వంలోది. అమృతభాండాన్ని దర్భల మీద పెట్టడం వల్ల దర్భలకు పవిత్రత వచ్చింది. వాటిని నాకిన పాముల నాలుకలు చీలాయి. ఈ పద్యం చేసిన పనల్లా దర్భ ఉండవలసిన చోట పొగాకును నాటడం. కథకు కుదురు అసలుదే, మొక్క ఒక్కటే మారింది. గరుడాద్రి నీడన, ప్రతి తీర్థానికీ ఫలానా పురాణంలో ఉందని వింటూ పెరిగిన మన తిరుపతివాళ్ళ చెవికి ఆ వరస బాగా పరిచయం. మీ వీధి పెద్దాయన అంత ధీమాగా చెప్పడంలో వింత లేదు.

మరో సభ్యురాలు (చిత్తూరు నుంచి): బాగుందండీ. మరి కావ్యం లోపలి కథల్లో మీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏది? రామాయణంలో కుశలవులు రాముడి ఎదుటే రామాయణం పాడే ఘట్టం నాకు ప్రాణం.

జవాబు: అమ్మా, చిత్తూరువారు అడిగాక కళాపూర్ణోదయం తప్ప వేరే పేరు ఎలా చెప్పను? పింగళి సూరన పదహారో శతాబ్దంలో రాసిన ఈ కావ్యానికి ఆధునిక కాలంలో తగిన పీట వేసింది మీ కట్టమంచి రామలింగారెడ్డిగారే. 1914 నాటి ఆయన ‘కవిత్వతత్త్వవిచారము’లో సూరన కథాకల్పన మీద చేసిన చర్చను నేటికీ విమర్శకులు తలుచుకుంటారు.

అందులో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. అలక తీర్చడానికి అప్పటికప్పుడు అల్లిన కథ. అయితే చెప్పినవాడు బ్రహ్మ! ఆయన నోట వచ్చింది భూమ్మీద జరిగి తీరుతుంది. ఆ కథలోని కళాపూర్ణుడు నిజంగా పుట్టి, రాజై, ఒకనాడు కొలువులో కూర్చుని తన పుట్టుక కథను తానే వింటాడు. వినిపించేది ఎవరనుకున్నారు? మధురలాలస అనే పసిపాప. మణిహారం ఎదను తాకగానే ఆమెకు పూర్వజన్మ జ్ఞాపకమూ మాటా వస్తాయి. ఆ కథను సత్యలోకంలో చాటుగా విన్న చిలుక పూర్వం ఆమే. మామూలుగా లోపలి కథ బయటి కథలో ఇమిడి ఉంటుంది. ఇక్కడ బయటి కథంతా లోపలి కథ కడుపున పుట్టింది.

మీరు చెప్పిన కుశలవుల ఘట్టానికి ఇది దూరపు చుట్టం కాదు, సొంత తోబుట్టువు. అక్కడా కథానాయకుడు తన కథ తానే వింటాడు. ఒక తేడా ఉంది. రాముడు వినేది జరిగిపోయిన కథ. కళాపూర్ణుడు వినేది తాను పుట్టకముందే, తాను పుట్టడం కోసమే చెప్పిన కథ.

చదవాలనుకుంటే కథాసారాంశం జోలికి ముందు వెళ్ళకండి. కళాపూర్ణుడి కథ ఒకటి ఉందని తొలి ఆశ్వాసంలోనే మాటవరసకు చెవిన వేసి, ఆ ముడిని సూరన చాలా దూరం దాకా విప్పడు. వచనంలో తాత్పర్యం ఉన్న ప్రతి దొరికితే పద్యం ముందు, తాత్పర్యం తర్వాత చదవండి. మధురలాలస నోరు విప్పే చోటికి వచ్చినప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి, ఆ పద్యాలు కలిసి చదువుదాం.