కుర్దులకు ముందు కావలసింది సొంత దేశమా, బడిలో సొంత భాషా?

నల్లరేగడి:
కుర్దులు టర్కీ, ఇరాక్, ఇరాన్, సిరియా నాలుగు దేశాల్లో చీలి ఉన్నారు, సొంత దేశం లేదు. టర్కీ ప్రభుత్వం మీద ఆయుధాలు పట్టిన కుర్దుల సంస్థ పీకేకే, తనను తాను రద్దు చేసుకుంటున్నట్టు 2025 మేలో ప్రకటించింది. జులైలో ఇరాక్‌లోని సులేమానియా దగ్గర ఆ సంస్థ వాళ్లు 30 మంది తమ తుపాకులను మంటలో వేశారు. 1984లో మొదలైన ఈ పోరు 40 వేలకు పైగా ప్రాణాలు తీసింది. మరి టర్కీ ఇప్పుడేం ఇస్తుంది? నా మట్టుకు నాకు టర్కీ రాజ్యాంగంలోని 42వ అధికరణమే అసలు పరీక్ష. విద్యాసంస్థల్లో టర్కిష్ తప్ప ఇంకే భాషనూ పౌరులకు మాతృభాషగా నేర్పకూడదని అందులో రాసుంది. ఆ వాక్యం తీసేసేదాకా మిగతా హామీలేవీ నేను నమ్మను.

పాతపటం:
రేగడి గారూ, ఇచ్చినవాడే తీసేసుకుంటే? మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఒట్టోమన్ సామ్రాజ్యంతో కుదిరిన 1920 సెవ్ర్ ఒప్పందం కుర్దులకు స్వయంపాలన రాసిచ్చింది, స్వతంత్రానికీ దారి ఉంచింది. దాని బదులు వచ్చిన 1923 లోజాన్ ఒప్పందంలో వాళ్ల పేరే లేదు. ఇరాక్‌లో 1970లో స్వయంపాలన ఒప్పందం కుదిరింది. అదే ఇరాక్ ప్రభుత్వం 1988 మార్చి 16న హలబ్జా అనే కుర్దు పట్టణం మీద విషవాయువు వదిలింది, సుమారు 5 వేల మంది చనిపోయారు. సొంత రాజ్యం లేకపోతే ఏ హక్కూ నిలవదు.

నల్లరేగడి:
ఆ దారీ తొక్కి చూశారు కదా. 2017 సెప్టెంబర్‌లో ఇరాకీ కుర్దులు ఓటేస్తే 92 శాతానికి పైగా స్వతంత్రం కావాలన్నారు. నెల తిరక్కుండానే వాళ్ల చేతిలో ఉన్న చమురు నగరం కిర్కూక్ చేజారింది. టర్కీ, ఇరాన్, బాగ్దాద్ ఒక్కటయ్యాయి, అమెరికా కూడా వెంట నిలవలేదు. కానీ 2005 ఇరాక్ రాజ్యాంగంలో అరబిక్‌తో పాటు కుర్దు భాషకు దక్కిన అధికార హోదా పోలేదు. ఇరాకీ కుర్దుల రాజధాని ఎర్బిల్‌లో పిల్లలు ఈరోజుకీ కుర్దులోనే చదువుతున్నారు.

పాతపటం:
అది నిలిచింది రాజ్యాంగం వల్లే అంటారా? వాళ్లకు సొంత పార్లమెంటు ఉంది, పెష్మెర్గా అనే సొంత సైన్యం ఉంది. టర్కీలో కుర్దుల పెద్ద నగరం దియార్‌బకీర్‌లో ఏముంది?

ఏటిగట్టు:
ఇంకో వైపు కూడా చూడండి. టర్కీలో 2009 నుంచి ప్రభుత్వమే కుర్దు టీవీ చానల్ నడుపుతోంది. 2012 నుంచి ఐదో తరగతి మొదలు కుర్దును ఐచ్ఛికంగా చదువుకోవచ్చు. అన్నీ కుర్దులోనే చెబితే ఆ పిల్లలకు ఇస్తాంబుల్‌లో ఉద్యోగం ఎవరిస్తారు? పైగా ఏ మాండలికపు కుర్దు? కుర్మాంజీ లాటిన్ లిపిలో రాస్తారు, సొరానీ అరబిక్ లిపిలో. జజాకీ మాట్లాడేవాళ్ల సంగతేంటి?

సిరిచెట్టు:
ఏటిగట్టు గారూ, నేను ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెబుతాను కాబట్టి ఇది నాకు చాలా దగ్గరి విషయం. ఐచ్ఛికం అంటే వారానికి రెండు గంటలు, అదీ ఐదో తరగతికి వచ్చాక. ఇంట్లో కుర్దు తప్ప వినని ఆరేళ్ల పిల్ల ఆ మొదటి నాలుగేళ్లూ ఏం చేయాలి? టీచరు ఏం అడుగుతున్నారో తెలియక తల వంచుకుని కూర్చోవాలా? టర్కిష్ వద్దని ఎవరన్నారు? ముందు అర్థమయ్యే భాషలో చదవడం రానివ్వండి అంటున్నారు, అంతే. జజాకీ పిల్లలకు జజాకీలో చెప్పండి. మాండలికాలు వేరువేరుగా ఉన్నాయని అన్నింటినీ ఆపేస్తారా?

ఆ నేల మీద ఒక్క అక్షరానికి ఎంత ఖరీదో చూడండి. కొత్త సంవత్సరం పండగ నౌరోజ్‌ను కుర్దులు రాసే పద్ధతిలో డబ్ల్యూ ఉంటుంది, టర్కిష్ వర్ణమాలలో ఆ అక్షరం లేదు. క్యూ, డబ్ల్యూ, ఎక్స్ వాడితే 1928 నాటి లిపి చట్టం కింద కేసులు పెట్టేవాళ్లు. 2014లో గానీ ఆ శిక్ష ఎత్తేయలేదు. కుర్దు ఎంపీ లేలా జానా 1991లో పార్లమెంటులో టర్కిష్‌లోనే ప్రమాణం చేసి, చివర కుర్దులో ఒక్క వాక్యం కలిపింది. ఆ వాక్యంతో మొదలైన గొడవ 1994లో ఆమెను జైలుకు పంపింది. పదేళ్లు.

పాతపటం:
అమ్మా, మీరు చెప్పినదాంట్లో ఒక్కటీ కాదనను. నా భయం వేరే. 2016 నుంచి కుర్దు ఊళ్లలో జనం గెలిపించిన మేయర్లను తీసేసి ప్రభుత్వం తన మనుషులను కూర్చోబెడుతూ వచ్చింది. రేపు కుర్దు బడి తెరిస్తే దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?

నల్లరేగడి:
ఇక్కడ మీ మాటకు ఒప్పుకుంటున్నాను. 42వ అధికరణం ఒక్కటీ మారితే చాలదు, ఓటుతో గెలిచినవాళ్లను కుర్చీలో ఉండనివ్వాలి. సొంత దేశం మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. ఒకటో తరగతి పిల్ల నాలుగు దేశాల సరిహద్దులు మారేదాకా ఎదురుచూడలేదు.