పాత ప్రింటర్‌కు డ్రైవర్ విండోస్‌నే వేసుకోనివ్వాలా, మనమే వెతికి వేయాలా?

కావలి జిరాక్స్:
అన్నా, కావలిలో మాది జిరాక్స్ షాపు. పదేళ్ల నాటి యూఎస్‌బీ లేజర్ ప్రింటర్. మొన్న ఫార్మాట్ చేసి విండోస్ 11 వేయించాం. రెండు రోజులు బాగానే పనిచేసి ఇప్పుడు ఆఫ్‌లైన్ అంటోంది. అడంగల్ కాపీలకు వచ్చిన రైతులు ఎండలో నిలబడి నిలబడి వెళ్లిపోతున్నారు. ఒకాయన విండోసే చూసుకుంటుంది, కెలకొద్దంటాడు. ఇంకొకాయన కంపెనీ డ్రైవర్ (కంప్యూటర్‌ను ప్రింటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) వేయాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాలి?

నెల్లూరు మాస్టారు:
విండోస్‌కే వదిలేయండి. మా బడిలో వైఫై ప్రింటర్‌కు ఏ డ్రైవరూ వేయలేదు, దానంతటదే దొరికింది. డ్రైవర్ కోసం వెతికితే ముందు కనిపించేవి చాలావరకు యాడ్ సైట్లే. అక్కడ నొక్కి వైరస్ తెచ్చుకున్నవాళ్లను చూశాను.

ఒంగోలు సర్వీస్:
మాస్టారూ, మీది కొత్త రకం. విండోస్‌లో ఉండే కామన్ డ్రైవర్ దాంతో మాట్లాడగలదు. ఈ తమ్ముడిది పాత లేజర్. అలాంటి వాటిలో చాలావాటికి పేజీని తయారుచేసే పని కంప్యూటర్‌దే, ఆ పని చేసేది కంపెనీ డ్రైవర్. పైగా ప్రింటర్ కంపెనీల డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం దశలవారీగా ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే చెప్పింది. పాత సీడీని కూడా నమ్ముకోవద్దు. విండోస్ 11 అంతా 64 బిట్, సీడీలో ఉన్నది పాత 32 బిట్ డ్రైవర్ అయితే దానికి ఎక్కదు.

అయితే తమ్ముడూ, డ్రైవర్ జోలికి పోకముందు ఒకటి చూడు. ప్రింటర్ల లిస్టులో అదే పేరుతో రెండు ఐకాన్లున్నాయా, ఒకదాని పక్కన 'కాపీ 1' అని? కేబుల్‌ను వేరే యూఎస్‌బీ పోర్టుకు మారిస్తే విండోస్ ఒక్కోసారి దాన్ని కొత్త ప్రింటర్ అనుకుంటుంది. పాత ఐకాన్‌కు పంపినవన్నీ క్యూలో పడి ఉంటాయి. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లను క్యూలో పెట్టి పంపే ప్రోగ్రామ్) ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్, దాని లోపల ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్నవి తీసేసి మళ్లీ స్టార్ట్ చెయ్యి. కొత్త ఐకాన్‌ను డిఫాల్ట్‌గా పెట్టు.

కావలి జిరాక్స్:
అన్నా, అదే! మొన్న బల్ల జరిపినప్పుడు కేబుల్ వెనక నుంచి ముందుకు మార్చాం. క్యూలో 23 ఉన్నాయి. అవి తీసేయగానే వచ్చేసింది.

నెల్లూరు మాస్టారు:
చూశారా, విండోస్ వేసుకున్న డ్రైవర్‌తోనే నడిచింది. నేనన్నదీ అదే.

ఒంగోలు సర్వీస్:
తమ్ముడూ, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరువు. డ్రైవర్ దగ్గర ఏం పేరుంది?

కావలి జిరాక్స్:
మా ప్రింటర్ కంపెనీ పేరు, మోడల్ నంబరే ఉన్నాయన్నా.

ఒంగోలు సర్వీస్:
మాస్టారూ, తెచ్చిపెట్టింది విండోసే, కాదనను. కానీ ఆ డ్రైవర్ మాత్రం కంపెనీదే. మళ్లీ ఫార్మాట్ చేసిన రోజు అది అక్కడ దొరుకుతుందని నేను భరోసా ఇవ్వలేను. తమ్ముడూ, కంపెనీ సొంత సైట్‌లో మీ మోడల్ పేజీ ఉండగానే 64 బిట్ ఫైలు దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో.

నెల్లూరు మాస్టారు:
దానికి నేనూ ఒప్పుకుంటా. కంపెనీ సైట్ నుంచే అయితే సరే.